రాదని రాసివ్వమన్నారు

రాదని ఒప్పుకుంటూ ఒక్క సంతకం పెడితే చాలట. మిగతాదంతా మేం చూసుకుంటాం అన్నాడు గుమాస్తా, ఆమె నెత్తిమీదున్న బరువేదో తనే దించి పక్కన పెడుతున్నట్టు మొహం పెట్టి, పెన్ను కూడా తన జేబులోంచే తీసిచ్చి. ఆ పెన్ను ఇప్పుడు ఆమె కుడిచేతిలో ఉంది, కాగితం ఎడమచేతిలో ఉంది, ఆమె సూపరింటెండెంటు గది బయట బెంచీ మీద ఉంది, ఎదురు గోడమీది గడియారంలో పదీ ఐదయింది. పదకొండింటికి విచారణకి లోపలికి పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఆసుపత్రిలో ఆయా పని చేస్తూ, నిన్నగాక మొన్న చేరిన పిల్ల నర్సుల చేత కూడా దుబాసక్కా అని పిలిపించుకుంటున్న మనిషి, ఈ యాభై ఐదు నిమిషాల్లో తనకి ఫలానా భాష రాదని ఒప్పేసుకోవాలి. పోనీ ఏ భాష? ఆమె నోట్లో తొమ్మిది భాషలున్నాయి, వాటిలో ఇంకేదైనా రాదనమంటే పోనీలే, పోయిందేముంది అనుకుని పెట్టేసేదేమో. అలా అనుకుంది గానీ అదీ అబద్ధమే, పెట్టేది కాదు. అయినా వాళ్ళు వెతికి వెతికి సరిగ్గా డాక్టర్ల భాష మీదే పడ్డారు. పంతొమ్మిదేళ్ళు పట్టింది తల్లీ ఆమెకి ఆ భాష, అంతలో కడుపున పుట్టిన పిల్ల పెరిగి పెద్దదై పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

కాగితం మడత విప్పి మళ్ళీ చదివింది, ఇది నాలుగోసారి. వైద్యులు మాట్లాడుకునే భాష నాకు రాదు. వచ్చీరాని మాటలు విని రోగికి లేనిపోనివి చెప్పాను. నా తప్పు మన్నించి నన్ను ఉద్యోగంలో కొనసాగనివ్వగలరు. మూడే వాక్యాలు, ముచ్చటగా టైపు చేయించారు, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. సంతకం పెడితే ఇంకా మూడేళ్ళు నౌకరీ, ఆ తర్వాత పింఛను. పెట్టకపోతే ఏమవుతుందో గుమాస్తా చెప్పలేదు, గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు, ఆ చూపుకి అర్థం చెప్పడానికి దుబాసీ అక్కర్లేదు. ఇంకో సంగతి కూడా అతను చెప్పలేదు, ఆమె చెప్పించుకోనూ లేదు. ఆమె సంతకం పెట్టిన మరుక్షణం వడ్రంగి ఇచ్చిన ఫిర్యాదు గాలికి ఎగిరిపోతుంది. మణికట్టు తెగి వచ్చిన ఆ వడ్రంగి ఆపరేషన్లో పొరపాటు జరిగిందని పెద్ద డాక్టరు తన నోటితో తను అంటే విన్నవాళ్ళు ఇద్దరే, పక్కనున్న చిన్న డాక్టరూ, ట్రే పట్టుకుని నిలబడ్డ ఆమె. చిన్న డాక్టరుకి ఆరోజు నుంచీ జ్ఞాపకశక్తి తగ్గిపోయింది పాపం. ఇక మిగిలింది ఆమె, ఆమెకి భాషే రాదంటే ఇక అన్నదెవరు, విన్నదెవరు? పాత దుప్పటి చిరుగుకి మాసిక వేసినట్టు ఎంత చక్కగా కుట్టారో! మెచ్చుకోవాల్సిందే, ఆపరేషన్ కూడా ఇంత శ్రద్ధగా చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఎవరో ముసలాయన, వెనకాలే ముసలావిడ, చేతిలో చీటీ పట్టుకుని వచ్చి ఎక్స్‌రే గది ఎటమ్మా అని అడిగారు. కుడివైపు తిరిగి మెట్లు దిగితే పచ్చ తలుపు, ఇప్పుడే తుడిచారు, మెట్లు తడిగా ఉంటాయి, ఆయన చెయ్యి పట్టుకుని దించండి అని చెప్పింది. వాళ్ళు నాలుగడుగులు వేశాక గానీ ఆమెకి స్పృహ రాలేదు, వాళ్ళడిగింది పడవలవాళ్ళ భాషలో, తను చెప్పిందీ అందులోనే, దారి చూపించడానికి ఊపింది ఆ కాగితాన్నే. నవ్వొచ్చింది. నవ్వుతో పాటు పిల్ల నర్సులు గుర్తొచ్చారు, ఏటేటా కొత్త జట్టు దిగుతుంది, ఏటేటా అదే ప్రశ్న, ఇన్నింట్లో ఏది నేర్చుకోవడం కష్టం అక్కా అని. ఆమెది ఏటికో జవాబు. ఒళ్ళు నొప్పులుగా ఉన్ననాడు, మీ మేట్రనమ్మ మాట్లాడుతుంది చూడండి, ఆ భాష అనేది. హుషారుగా ఉన్ననాడు, మా ఆయన భాష, ఆయనకి వచ్చింది ఒక్కటే, అదీ పొదుపుగా వాడతాడు అనేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఒక పిల్ల మాత్రం నవ్వకుండా నోటుబుక్కు తీసి, లిపి ఉన్నవి కష్టమా లేనివి కష్టమా అని అడిగింది, దానికేం చెప్పాలో తెలియక వెళ్ళి పనిచూసుకోవే అని కసిరింది. ఇప్పుడు ఆ పిల్ల ఎదురుగా వచ్చి అడిగితే చెప్పగలదు. అక్షరాల్లో ఏముంది, కూర్చుని దిద్దితే ఎవరికైనా వస్తాయి. అవతలివాళ్ళకి నీతో మాట్లాడాలని ఉందా లేదా, అదీ సంగతి. ఉంటే ఎంత నాలుక తిరగని మాటైనా మూడు రోజుల్లో వస్తుంది, లేకపోతే గ్లాసు అనే మాట కూడా ఏడాది పడుతుంది.

మాట్లాడాలని ఉండటమేమిటో కింద లాండ్రీలో తెలిసింది ఆమెకి. మొదటి ఆరేళ్ళూ అక్కడే, ఆవిరిలో, సోడా వాసనలో, ఇరవై రెండేళ్ళ వయసులో. రోజుకి మూడొందల దుప్పట్లు మడవాలి, మడవడానికి ఇద్దరు కావాలి, రెండు మూలలు నువ్వు, రెండు మూలలు నేను, వెనక్కి నడిచి బిగలాగి ఒక్క దులుపు దులిపి, ఎదురెదురు నడిచొచ్చి అంచులు అందించుకోవాలి. ఎదురొచ్చినప్పుడు నేను నా భాషలో ఒక మాట నీ చేతిలో పెడతాను, రెండో మడతకి నువ్వది నాకు తిరిగి అప్పగించాలి, తప్పు చెప్పావా, మడిచిన దుప్పటి మొత్తం విప్పి మళ్ళీ మొదలు. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, ఆమె చేరేసరికే ఉంది, లాండ్రీ మేస్త్రీ కూడా ఏమీ అనేవాడు కాదు, మాటల ఆట ఉన్ననాడు దుప్పట్లు త్వరగా తెమిలేవి. కొండవైపు నుంచి వచ్చిన పొడుగామె పట్టుకున్న కొస ఎప్పుడూ ఎత్తుగా ఉండి మడత వంకర పోయేది, ఆ వంకర మడతల్లోనే కొండవాళ్ళ భాష మొత్తం వచ్చింది. పడవలామె నవ్వకుండా ఒక్క మాటా చెప్పలేకపోయేది, ఆమె దగ్గర నేర్చుకున్న మాటలు ఇప్పటికీ నోట్లోంచి నవ్వుతూనే వస్తాయి, జ్వరం అన్నా కూడా. ఇంకొకామె గుసగుసగా తప్ప మాట్లాడేది కాదు, ఆమె ఊళ్ళో ఆ భాష గట్టిగా మాట్లాడితే కొట్టేవాళ్ళట. ఏం నేర్పాలో ఎవరూ అనుకోలేదు గానీ అందరూ నొప్పులే నేర్పారు, ఆసుపత్రి కదా మరి. మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, లోపల ఏదో కలుక్కుమనడం వేరు, ఇవన్నీ ఒక్కో భాషవాళ్ళు ఒక్కో చోట గీత గీసి విడదీస్తారు. పొడుగామె భాషలో, చాన్నాళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న నొప్పికి విడిగా ఒక మాటుంది, పైన వార్డులో డాక్టర్లు ఆ నొప్పికి నాలుగు పరీక్షలు రాసి గానీ కనిపెట్టలేరు.

పైన వార్డు. ఆ మెట్లు ఎక్కాలని ఎంత ఆశపడిందో, ఆ ఆశే ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చింది. గడియారం వైపు చూడకుండా ఉండాలనుకుంటూనే చూసింది, పదీ పదిహేడు, కానీ కళ్ళముందు ఉన్నది ఈ గడియారం కాదు, పాతికేళ్ళ కిందటి కడుపునొప్పి మనిషి మొహం. పడవలవాళ్ళ మనిషి, ముప్పై కూడా ఉండవు. డాక్టరు వరండాలోకి వచ్చి ఈమె భాష ఎవరికైనా వచ్చా అని అరిచాడు, దుప్పట్ల బండి తోసుకుంటూ పోతున్న తను, పడవలామెతో అప్పటికి మడిచింది రెండు నెలలే, నాకొచ్చు అంది. ఈ ఇంజెక్షను పడుతుందా కనుక్కో అన్నాడు డాక్టరు. ఆ మనిషి చేతులు తిప్పుతూ చాలా చెప్పింది. అందులో తనకి దొరికినవి ఇంజెక్షను, చిన్నప్పుడు, అమ్మ, ఈ మూడే. మూడింటినీ కలిపి తనే ఒక కథ కుట్టేసి, చిన్నప్పుడు చేయించుకుందట సార్, ఫర్వాలేదట అంది. ఎంత ధీమాగా అంది! ఐదు నిమిషాల్లో ఆ మొహం ఉబ్బిపోయింది, పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి ఈలలాగా వచ్చింది, తర్వాత అదీ రాలేదు. చిన్నప్పుడు ఆ ఇంజెక్షనుకే చచ్చి బతికాను, మా అమ్మ ఇంకెప్పుడూ చేయించుకోవద్దని చెప్పి పోయింది అన్నది ఆ మనిషి అసలు చెప్పిన మాట. బతికించారు, నాలుగు రోజుల తర్వాత లేచి కూర్చుంది. తను వెళ్ళి కాళ్ళ దగ్గర నిలబడి ఏడిస్తే, ఆ మనిషి కోప్పడలేదు, రాకపోతే రాదని చెప్పాలి కదే చెల్లీ అంది, అంతే. ఆ ఒక్క మాటా అక్షరం పొల్లు పోకుండా అర్థమైంది తనకి. అప్పటి నుంచి ఏ కొత్త భాష పట్టుకున్నా మొట్టమొదట అడిగేది, నాకు రాదు, మళ్ళీ చెప్పండి అని ఎలా అనాలి అనే. పెద్ద పెద్ద డాక్టర్ల మొహం మీద, గది నిండా జనం ఎదురుచూస్తుండగా, నాకు రాదు సార్, ఇంకెవరినైనా పిలవండి అని ఎన్ని వందలసార్లు అందో. ఒక్కసారి కూడా సిగ్గుపడలేదు. ఆ మాట అబద్ధంగా వాడలేదు కాబట్టే ఈ పాతికేళ్ళలో ఆమె వచ్చు అన్న మాటకి విలువుంది. ఇప్పుడు ఆ మాటనే తెచ్చి, టైపు చేయించి, చేతిలో పెట్టి, కాస్త అబద్ధంగా వాడమంటున్నారు. తిక్క రేగదూ ఎవరికైనా!

డాక్టర్ల భాషకి మాత్రం దుప్పటి అవతలి కొస పట్టుకునేవాళ్ళు ఎవరూ లేకపోయారు. మిగతా భాషలన్నీ ఆమెతో మాట్లాడాయి, ఇది ఆమె మీదుగా మాట్లాడింది. మంచానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు, మధ్యలో ట్రే పట్టుకుని తను, మాటలు తలమీదనుంచి అటూ ఇటూ పోయేవి, బల్లకీ కుర్చీకీ వినపడితే ఎంత, తనకి వినపడితే ఎంత. విన్న మాటని నోట్లో పెట్టుకుని, బాత్రూములు కడుగుతూ, సీసాలు తోముతూ, బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ, ఇల్లు చేరేదాకా పోగొట్టుకోకుండా ఉండటమే ఒక పని. హెడ్ సిస్టరుని అడిగితే నీకెందుకే అంది. మళ్ళీ అడిగితే అదే అంది, ఆ భాషలో అంది ఈసారి, ఆవిడకి తెలియకుండా నేర్పిన మొదటి వాక్యం అదే. ఆ తర్వాత దొరికింది మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్ బయట ఒంటరిగా కూర్చునేవాడు, టీ తీసుకెళ్ళి ఇస్తే ఏం కావాలి అన్నాడు, నిన్న మీరన్న ఆ మాటకి అర్థం కావాలి అంది. టీకి ఒక మాట చొప్పున ఏడేళ్ళు. ఉద్యోగం వదిలి వెళ్ళిపోతూ తన నిఘంటువు ఇచ్చి పోయాడు, అట్ట లేదు, మొదటి పదహారు పేజీలూ లేవు, అందుకే ఈనాటికీ ఆ మొదటి అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ ఆమెకి మనుషుల నోళ్ళలోంచి వచ్చినవే. ఎవరైనా ఆమెని నువ్వు ఏం చదువుకున్నావు అని అడిగితే పదిహేడో పేజీ నుంచి చదువుకున్నాను అని చెప్పాలనుకునేది, ఎవరూ అడగలేదు. పంతొమ్మిదో ఏట ఒక ఉదయం, రౌండ్స్‌లో ఇద్దరు డాక్టర్లు ఏదో జోకు వేసుకుంటే ట్రే వెనక తనకి నవ్వాగలేదు. అప్పుడనుకుంది, వచ్చేసింది అని. ఆ సంతోషం చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేకపోయారు, ఎవరికి చెప్పినా ఇక తన ముందు మాట్లాడటం మానేస్తారు కదా.

కూతురు పొద్దున్నే ఫోను చేసింది. "పెట్టి పారెయ్యమ్మా, నీకొచ్చినా రాకపోయినా ఎవడికి పట్టింది? మూడేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది" అంది. కూతురు ఆ భాష బళ్ళో నేర్చుకుంది, బల్లమీద కూర్చుని, పుస్తకం ముందు పెట్టుకుని, ముందు పదహారు పేజీలతో సహా. తల్లి పొరపాటున ఒక మాట అంటే, అబ్బా అమ్మా, నీది మరీ ఆసుపత్రి యాస అని నవ్వేది, ప్రేమగానే నవ్వేది, అయినా ఆ నవ్వు తర్వాత ఇంట్లో కూడా నోరు విప్పడం మానేసింది. కోపమేం లేదు పిల్ల మీద, అది తనకోసమే భయపడుతోంది. కానీ ఎవడికి పట్టింది అంటే ఎట్లా? తనకి పట్టింది. తొమ్మిది భాషలు నేర్చిందీ ఎవడికో పట్టాలని కాదు. ఇంట్లో ఆయన మాత్రం కాగితం సంగతంతా విని, టీ ఊదుకుంటూ, "నీకొచ్చుగా" అన్నాడు. ధైర్యం చెప్పాడో, ఆశ్చర్యపోయాడో, రాదని ఎలా పెడతావే అన్నాడో, ఏమిటో. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన మాటకి ఇంకో మాట తోడు రాదు, మనమే అర్థం తీసుకోవాలి. తనకి కావాల్సిన అర్థమే తీసుకుని బస్సెక్కింది.

అసలు తనేం లేనిది చెప్పింది? ఆరోజు మూడో వార్డు, కిటికీ పక్క మంచం. వడ్రంగి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది, బొటనవేలూ చూపుడు వేలూ మొద్దుబారిపోయాయి, గుచ్చినా తెలియడం లేదు. ఉలి జారి మణికట్టు తెగిన మనిషి, వేలికి చెక్క తెలియకపోతే ఇంకేం వడ్రంగం చేస్తాడు? పెద్ద డాక్టరు గుచ్చి చూశాడు, కట్టు విప్పి చూశాడు, చిన్న డాక్టరు వైపు తిరిగి తన భాషలో, రేపు వర్షం వచ్చేట్టుంది అన్నంత తేలిగ్గా అన్నాడు, నరం కొసకి నరాన్నే కలపాల్సింది, పక్కనున్న కండరం తాడుకి కుట్టేసినట్టున్నాం, ఇప్పుడు విప్పితే మన తప్పు మనమే చెప్పుకున్నట్టవుతుంది, వేళ్ళకి వ్యాయామం అని రాసి పంపించెయ్, వీడెవడు అడగడానికి. వడ్రంగి ఆమె వైపు చూసి, ఏమంటున్నారక్కా అన్నాడు, కొండవాళ్ళ భాషలో. అతను అడిగాడు, అంతే. మంచానికి అటూ ఇటూ నిలబడి ఏం మాట్లాడుకున్నా అది మంచమ్మీదున్న మనిషి సొత్తు, ఇది ఆమె పెట్టుకున్న నియమం, పడవలవాళ్ళ మనిషి మొహం ఉబ్బిన రోజున పెట్టుకుంది. కాబట్టి చెప్పింది. ఒక మాట కలపలేదు, ఒక మాట మింగలేదు, వీడెవడు అడగడానికి అన్నది కూడా చెప్పింది. వడ్రంగి రెండో చేత్తో తన బొటనవేలిని నొక్కి చూసుకున్నాడు, మర్నాడు పొద్దున్నే తన సంచీ తను సర్దుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. అక్కడ విప్పి చూస్తే ఆమె చెప్పింది చెప్పినట్టే ఉందట. ఇంకో నెల ఆగుంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదన్నారట.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అనుకోగానే వచ్చినట్టు వడ్రంగే, మెడకి వేలాడదీసిన పట్టీలో చెయ్యి, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ఒక చేత్తో పెట్టుకున్న బొత్తాలు ఒకటి తప్పి ఒకటి. ఆమెని చూసి మొహం విప్పారింది. వచ్చి పక్కన కూర్చుని, "నువ్వొచ్చావా అక్కా, బతికించావ్. లోపల నా మాట ఎవరు చెప్తారా అని దిగులు పెట్టుకున్నాను" అన్నాడు. నీకు వేరే దుబాసీని పెట్టలేదా అని అడిగింది. తనకి వచ్చిన నోటీసు తీసి చూపించాడు. సాక్షికి భాష తెలియకపోతే ఆసుపత్రి దుబాసీ ఉంటారు అని ఉంది అందులో, ఎప్పుడూ వేసే ముద్రే, అలవాటు కొద్దీ వేసేశారు. ఆసుపత్రి దుబాసీ అంటే ఎవరు? ఇంకెవరున్నారు? ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది, తలుపు దగ్గరున్న బంట్రోతు తల తిప్పి చూసేంత నవ్వు. ఆమెకి భాష రాదని తేల్చడానికి విచారణ పెట్టి, ఆ విచారణలో దుబాసీగా ఆమెనే పెట్టుకున్నారు మహానుభావులు, ఎవరికీ తట్టనే లేదు.

ఆ కాగితం ఏంటక్కా అన్నాడు వడ్రంగి. అడిగాడు కాబట్టి చెప్పాలి. మూడు వాక్యాలూ కొండవాళ్ళ భాషలోకి మార్చి, వేలు పెట్టి చూపిస్తూ చదివి వినిపించింది. సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో అదీ చెప్పింది. "పెట్టెయ్ అక్కా" అన్నాడు. "నా చెయ్యి నాకొచ్చేస్తోంది. ఫిర్యాదు పోతే పోయింది. నా మూలాన నీ నోటిదగ్గర కూడు పోగొట్టుకోకు." ఆ మాట ఆమె ఊహించలేదు. గంట నుంచి తను ఈ మనిషి కోసమే గుండె రాయి చేసుకుంటున్నాననుకుంది, ఆ మనిషే వచ్చి వదిలెయ్ అంటున్నాడు, ఇక ఎవరి అడ్డూ లేదు, పెన్ను చేతిలోనే ఉంది. హాయిగా అనిపించాలి. అనిపించకపోగా చెవుల దాకా వేడెక్కింది. అయితే ఇంతసేపూ ఇతని చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నానా? ఇతనికోసమైతే ఇతను వద్దంటే ఐపోవాలి. అవడం లేదే! పొడుగామె వంకర మడతలు, అట్టలేని పుస్తకం, బస్సు కమ్మీ పట్టుకుని మనసులో అప్పజెప్పుకున్న పంతొమ్మిదేళ్ళు, అవన్నీ ఎవరికోసమో చేసిన త్యాగాలు కావు, తనకి కావాలనిపించి, తనకి ముచ్చటై, తన ఇష్టంకొద్దీ సంపాదించుకున్నవి. మనిషికి ఒక్క ఇల్లు కట్టుకుంటేనే ఊరంతా తిప్పి చూపిస్తారు, తను ఇంత కట్టుకుని నాది కాదని సంతకం పెట్టాలా? "నీకోసం కాదు తమ్ముడూ" అంది. మొదటి మాట మెల్లగా అంది, రెండోది మామూలు గొంతుతోనే అంది. "నీకోసమే అయితే ఈపాటికి పెట్టేసేదాన్ని." అతనికి ఎంత అర్థమైందో గానీ తల ఊపాడు. బంట్రోతు ఇద్దరినీ రమ్మన్నాడు.

లోపల ఏసీ చలి. పొడుగు బల్లకి అటు సూపరింటెండెంటు, మేట్రనమ్మ, పెద్ద డాక్టరు, కొసన ఫైలు తెరుచుకుని గుమాస్తా. పెద్ద డాక్టరు ఆమె వైపు చూడలేదు, ఫోను చూసుకుంటున్నాడు. గుమాస్తా కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు, అతను చాచిన చెయ్యిని ఎటు పెట్టాలో తెలియక తల గోక్కున్నాడు. సూపరింటెండెంటు వడ్రంగితో, చెప్పు నాయనా, ఏం జరిగింది అన్నాడు. వడ్రంగి ఆమె వైపు చూశాడు. సూపరింటెండెంటు గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా మేట్రనమ్మ వైపు చూశాడు, మేట్రనమ్మ కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. చివరికి అందరి చూపులూ తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చి ఆగాయి. ముప్పై ఏళ్ళుగా అలా వచ్చి ఆగడమే అలవాటు మరి వాటికి.

"సరేమ్మా, అతను చెప్పేది నువ్వే చెప్పు, ఫైల్లో రాసుకోవాలి" అన్నాడు సూపరింటెండెంటు, విసుగ్గా.

"ఫైలు ఏ భాషలో సార్?" అని అడిగింది ఆమె, ఎంతో వినయంగా.

ప్రశ్నలోని మెలిక బల్లకి అటున్న పెద్దలకి తట్టింది. గుమాస్తాకి మాత్రం తట్టలేదు పాపం, "మన ఫైళ్ళన్నీ డాక్టర్ల భాషలోనే కదక్కా" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె కాగితం తీసి బల్లమీద, అందరికీ కనిపించేలా, సంతకం చోటు ఖాళీగా ఉన్నది ఉన్నట్టే పెట్టింది. గాలికి ఎగరకుండా దానిమీద అతని పెన్ను పెట్టింది. వడ్రంగితో, చెప్పు తమ్ముడూ, మెల్లగా చెప్పు, ఏదీ వదలకు అంది. అతను చెప్పాడు. ఇక దాన్ని డాక్టర్ల భాషలో ఆమె చెప్పాలి. ఆ భాష విన్నది విన్నట్టు రోగుల భాషల్లోకి మార్చడమే గానీ, అది మాట్లాడేవాళ్ళ ఎదుట, వాళ్ళ మొహాల్లోకి చూస్తూ, అందులో ఒక్క పూర్తి వాక్యం ఆమె ఇంతవరకూ అనలేదు. భయం వేసింది, నిజంగానే వేసింది. అయినా మొదలుపెట్టింది. నేను వడ్రంగిని, అంది డాక్టర్ల భాషలో, రోగి నేను అంటే దుబాసీ కూడా నేను అనే అనాలి. నా బొటనవేలికి చెక్క తెలియలేదు. నన్ను తాకి చూసి ఈ డాక్టరుగారు ఇలా అన్నారు. ఆసుపత్రి యాసే, వాక్యాలు కాస్త కుంటుతూనే నడిచాయి, కానీ ఎక్కడా ఆగలేదు. పెద్ద డాక్టరు ఫోను బల్లమీద పెట్టేశాడు. తెగిన నరం పేరు దగ్గరికి వచ్చేసరికి, పొడుగాటి పేరు, పేజీలు పోయిన అక్షరంతో మొదలయ్యేది కాకపోయినా ఎప్పుడూ గట్టిగా పలికి చూడనిది, తను పలికినట్టే పలికింది.

"అలా పలకరు" అన్నాడు పెద్ద డాక్టరు చటుక్కున, తన భాషలోనే, క్లాసులో విద్యార్థులతో అన్నట్టు, ఆ పేరు ఎలా పలకాలో పలికి చూపించాడు.

సూపరింటెండెంటు కళ్ళు మూసుకున్నాడు. మేట్రనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిసారి ఆమె మొహంలోకి నేరుగా చూసింది. భాషే రాదన్న మనిషిని తనే దిద్దానని పెద్ద డాక్టరుకి అప్పుడు తట్టి, ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఏమన్నాడక్కా ఆయన, అన్నాడు వడ్రంగి.

"నా మాట దిద్దాడు" అని చెప్పింది అతనితో, ఏదీ కలపకుండా. పెద్ద డాక్టరుకి థాంక్యూ సార్ అంది. గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో తమ్ముడూ" అని, దిద్దించుకున్న పేరుతో ఆ వాక్యాన్ని మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది.